కొవాల్‌స్కి అను ఇంటిపేరు: పుట్టుక, వాడుక

పోలండు దేశమున ప్రభుత్వ కార్యాలయములలో దరఖాస్తును ఏ విధముగా పూరింపవలెనో చూపు నమూనా పత్రములమీదను, ఋణమును గూర్చియు వారసత్వమును గూర్చియు న్యాయశాస్త్ర విద్యార్థులకు బోధించునప్పుడు కల్పించు ఉదాహరణములలోను, పన్నులు పెరిగినచో సామాన్యగృహస్థుని గతి యేమగునని వాపోవు పత్రికావ్యాసములలోను తరచుగా కనబడు పేరొకటి కలదు: యాన్ కొవాల్‌స్కి. "సగటు కొవాల్‌స్కి" అనిన ఆ దేశమున ఏ ప్రత్యేకతయు లేని సాధారణపౌరుడని అర్థము. సంఖ్యాబలమును బట్టి చూచినచో ఈ స్థానము నోవాక్ అను ఇంటిపేరు వారికి దక్కవలసినది. ఏలననగా, గ్రామమునకు క్రొత్తగా వచ్చినవాడని అర్థమిచ్చు ఆ పేరు గలవారు దేశమున సుమారు 2 లక్షలమంది యుండగా, కొవాల్‌స్కిలు స్త్రీపురుషులను కలిపి లెక్కించినను 1 లక్షా 40 వేలకు అటునిటుగా మాత్రమే యున్నారు. అయినను లోకము నోవాకును విడిచి కొవాల్‌స్కినే సామాన్యునిగా వరించినది.

ఈ వరణములో ఒక విచిత్రము దాగియున్నది. కోవల్ అనగా కమ్మరి. దానికి తుదనున్న "స్కి" యనునది ఒకానొక కాలమున గ్రామాధిపత్యమునకు గుర్తు, భూస్వాముల సొత్తు. కొలిమియొద్ద చెమటోడ్చువాని వృత్తినామమునకు కోటలో కూర్చుండువాని ప్రత్యయము ఎట్లు తగులుకొనెనో, తగులుకొనిన పిదప ఆ పేరు ఇరువురలో ఎవ్వరికిని ప్రత్యేకించి చెందక జనసామాన్యమునకు మారుపేరు ఎట్లయ్యెనో తెలియవలెనన్న ఆఱేడు శతాబ్దములు వెనుకకు పోవలసియున్నది.

ముందుగా కమ్మరి సంగతి. ఇనుమును కాచి కొట్టుట అను అర్థముగల ధాతువునుండి పుట్టిన ఈ కోవల్ శబ్దము పోలిషు భాషకు మాత్రమే చెందినది కాదు. ఉక్రెయిను వారికి కమ్మరి కొవాల్, చెకులకు కొవార్జ్, దక్షిణ స్లావులకు కొవాచ్. స్లావు భాషలతో ఏ చుట్టరికమును లేని హంగేరీ వారు సైతము తమ పొరుగువారినుండి ఈ మాటను అరువు తెచ్చుకొని కొవాచ్ అను ఇంటిపేరును తమ దేశమున మిక్కిలి విరివిగా వ్యాపింపజేసిరి. ఉక్రెయినులో కొవాలెంకో ఇదియే. రష్యావారు వేఱొక పదమును గ్రహించి కుజ్‌నెత్సోవ్ అనిరి. ఇంగ్లీషువారి స్మిత్, జర్మనుల ష్మిట్, ఇటలీవారి ఫెరారీ, ఫ్రెంచివారి లెఫేవర్ అన్నియు అర్థముచేత దీనికి సోదరులే. యూరపుఖండమంతటను సేద్యము చేయువారే అత్యధికసంఖ్యాకులై యుండగా, ఇంటిపేళ్ళలో మాత్రము కమ్మరికి ఇంతటి ప్రాబల్యము కలుగుటకు కారణము తేలికయైనది. ఊరిలో నూఱుమంది సేద్యగాండ్రున్నప్పుడు "సేద్యగాడైన యాన్" అని పిలిచిన ప్రయోజనము లేదు. ఊరికొక కమ్మరియే యుండును గనుక "కమ్మరి యాన్" అనిన పొరపాటునకు తావుండదు. నాగలికి కర్రు, గుఱ్ఱమునకు లాడము, తలుపునకు మడతబందు, బండిచక్రమునకు పట్టా, ఇవన్నియు అతని చేతిమీదుగానే రావలెను. కమ్మరి నేరము చేసిన తాళములు చేయువానిని ఉరితీసిరని పోలండులో ఒక సామెత వినబడును. ఊరికి కమ్మరి యొక్కడే, తాళములవాండ్రు ఇద్దఱున్నారు కావున ఊరివారు ఆ విధముగా న్యాయము తీర్చిరని దానికి వివరణము చెప్పుదురు. అన్యాయము మాట యెట్లున్నను, కమ్మరి లేక ఊరు సాగదను నిజమును ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట దుర్లభము.

కమ్మరి పేరు మనుష్యులకంటె ముందే గ్రామములకు అంటుకొనినది. క్రీ. శ. 10వ శతాబ్దిమొదలు పోలండు నేలిన పియాస్త్ వంశపు రాజులు తమ కోటలకును సేనలకును వలయు వస్తువులను సమకూర్చుకొనుటకై ఒక్కొక్క పనికి ఒక్కొక్క పల్లెను నియమించు పద్ధతిని అవలంబించిరి. డాళ్ళు చేయువారి పల్లె ష్చిత్నికి, బాణపుమొనలు చేయువారిది గ్రోత్నికి, రొట్టెలు కాల్చువారిది ప్యెకారి, రాజుగారి వేటడేగలను సాకువారిది సొకొల్నికి, ఆడుగుఱ్ఱముల మందలను కాచువారిది కొబిల్నికి. ఇవి నేటికిని పోలండు పటముమీద ఒకటికి పది చోట్ల కనబడు గ్రామనామములు. ఆ డాళ్ళును, ఆ డేగలును, ఆ సేవాధర్మమును నశించి ఏడెనిమిది వందల యేండ్లయినను పేరులు మాత్రము నిలిచినవి. కమ్మరులు కాపురముండిన పల్లె కొవాలె. ఇట్టి కొవాలెలును, కొవలెవోలును దేశమున పెక్కులు గలవు. కుయావి ప్రాంతమున కోవల్ అను పేరుగల పట్టణమే యొకటి యున్నది. పోలండు రాజులలో "మహా" యను బిరుదమును ప్రజలచేత పొందిన ఏకైక ప్రభువు, మూడవ కజిమియెజ్, 1310వ సంవత్సరమున ఆ పట్టణముననే జన్మించెను. కావున కొవాల్‌స్కి అను పేరు వినినంతనే కొలిమిని తలచుట తొందరపాటగును. అది రాజు పుట్టిన ఊరినుండియైనను వచ్చియుండవచ్చును.

ఇక "స్కి" ప్రత్యయము. పోలిషు వ్యాకరణములో ఇది సంబంధమును తెలుపు సాధారణ విశేషణప్రత్యయమే గాని స్వతస్సిద్ధముగా దీనిలో దొరతనమేమియు లేదు. వర్షావా నగరమునకు చెందినది వర్షాఫ్‌స్కి. పోలండునకు చెందినది పోల్‌స్కి. పదాంతమందలి హల్లును బట్టి ఇది "త్స్కి" యనియు "ద్స్కి" యనియు మాఱుచుండును. పొతోక్ గ్రామమువారు పొతోత్స్కిలగుటయు, జవాద గ్రామమువారు జవాద్స్కిలగుటయు ఇందువలననే. మధ్యయుగమున లాటిను దస్తావేజులలో కులీనుడు తన పేరును మాత్రమే చెప్పి, దాని వెనుక తన యేలుబడిలోనున్న గ్రామమును పేర్కొనెడివాడు. "తార్నూఫ్ గ్రామపు యాన్" అని యన్నమాట. 15వ శతాబ్దిలో ఈ పదబంధము క్రమముగా ఒకే విశేషణముగా ముడిపడి "యాన్ తార్నోఫ్‌స్కి" యయ్యెను. మన కందుకూరు "కందుకూరి" యై వీరేశలింగము పంతులుగారి ఇంటిపేరైన విధమునకు ఇది మిక్కిలి దగ్గఱగా నున్నది. ఊరిపేరును సంబంధార్థమునకు మలచి మనిషికి తగిలించుట రెండింటను సమానము. భేదమేమనగా, మన ఇంటిపేరు వంశము ఒకప్పుడు కాపురముండి విడిచివచ్చిన ఊరిని చెప్పును. వారిది తొలినాళ్ళలో వంశము తనదని యేలుచున్న ఊరిని చెప్పెను.

ఏలుచున్న ఊరిని చెప్పుటచేతనే ఆ పేరు మొదట స్థిరముగా నుండలేదు. ఆస్తి మాఱినచో పేరు మాఱెడిది. తార్నూఫ్ పట్టణమును నిర్మించుటకు 1330లో రాజానుమతి పొందిన స్పిచిమీర్ అను ప్రభువు సంతతిలో తార్నూఫ్‌ను నిలుపుకొనినవారు తార్నోఫ్‌స్కిలైరి. యరొస్లావ్ పట్టణము వంతుకు వచ్చిన శాఖవారు యరొస్లాఫ్‌స్కిలైరి. ఒకే రక్తము, రెండు పేరులు. ఇందుకు విపర్యయముగా, ఏ సంబంధమును లేని రెండు వంశములు వేఱువేఱు మండలములలో ఒకే పేరుగల గ్రామములను కలిగియున్నచో ఇద్దఱును ఒకే ఇంటిపేరు వారగుచుండిరి. ఈ గందరగోళమును తీర్చునది "హెర్బ్" అను కులచిహ్నము. పడమటి యూరపులో ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క చిహ్నముండగా, పోలండులో ఒకే చిహ్నమును పదులకొలది, ఒక్కొక్కచో వందలకొలది కుటుంబములు పంచుకొనుచుండెడివి. చిహ్నమునకు ఒక పేరు, ఆ పేరే యుద్ధమున కేక. 1413లో హొరొద్లో అనుచోట జరిగిన సంధిలో పోలండు కులీనులు తమ 47 చిహ్నములను లిథువేనియా ప్రభువులకు పంచియిచ్చి వారిని తమ వంశములలో చేర్చుకొనుట ఈ పద్ధతివలననే సాధ్యమయ్యెను. కొవాలె గ్రామములను ఏలిన కొవాల్‌స్కి కులీనులు ఒక్క వంశమువారు కారు. పలు చిహ్నములకు చెందినవారు. అందుచేత వారిలో కొందఱు చిహ్నపు పేరును ఇంటిపేరునకు ముందు చేర్చుకొని తమ్ము వేఱుపఱచుకొనిరి. మంచుమైదానములమీద తోడేళ్ళను, జారుడుబండ్లను చిత్రించి కీర్తిగాంచిన ఆల్ఫ్రెద్ వ్యెరుష్-కొవాల్‌స్కి (1849–1915) అట్టివాడు. సువాల్కిలో పుట్టి మ్యూనిక్ నగరమున స్థిరపడిన ఆ చిత్రకారుని పేరులో మొదటి భాగము చిహ్నము, రెండవది గ్రామము. సమ్మెటకు ఇందులో చోటు లేదు.

రాజ్యమునేలిన వారిలోను ఈ ప్రత్యయమునకు గల గౌరవము తక్కువది కాదు. 1683లో వియన్నా నగరమును తురుష్కుల ముట్టడినుండి విడిపించిన యాన్ సొబ్యెస్కి పేరు సొబ్యెషిన్ గ్రామమునుండి వచ్చినది; స్తానిస్లావ్ లెష్చిన్‌స్కి పేరు లెష్నోనుండి; 1795లో సింహాసనమును వీడిన కడపటిరాజు స్తానిస్లావ్ ఆగస్త్ పొన్యతోఫ్‌స్కి. అయితే "స్కి" లేనివారు కులీనులు కారని తలంచుట పొరపాటు. లిథువేనియా మహాప్రభువులలో అగ్రగణ్యులైన రద్జివీల్, సప్యేహా వంశములవారికి ఈ ప్రత్యయముతో పనియే లేకపోయెను; వారి ధనమును, అధికారమును ముందు నడచుచుండగా పేరునకు అలంకారమెందుకు? అట్లే, సైలీషియాలోని కొపెర్నికి గ్రామమునుండి వచ్చిన వర్తకకుటుంబము ఆ ఊరిపేరును "స్కి" లేకయే ధరించెను. ఆ కుటుంబపు బిడ్డయే సూర్యుని చుట్టును భూమి తిరుగుచున్నదని చాటిన కోపర్నికస్. పట్టణపు వర్తకునికి ఊరిపేరు చాలును, ఏలుబడిని సూచించు ప్రత్యయముతో అతనికి నిమిత్తము లేదను నాటి భావము ఇందు వెల్లడియగుచున్నది.

ఆ భావము ఎంతో కాలము నిలువలేదు. పోలండు–లిథువేనియా సంయుక్తరాజ్యమున కులీనవర్గము, అనగా ష్లాఖ్త, జనసంఖ్యలో నూటికి ఎనిమిది మొదలు పదివఱకు నుండెనని చరిత్రకారుల అంచనా. ఫ్రాన్సు మొదలగు దేశములతో పోల్చిన ఇది మిక్కిలి పెద్దసంఖ్య. ఇందఱు కులీనులున్నచోట అందఱును ధనికులుగా నుండుట అసంభవము గదా! తన చిన్న కమతమును తానే దున్నుకొనుచు, నడుమున కత్తి మాత్రము వ్రేలాడదీసికొని, రాజును ఎన్నుకొను సభలో మహాప్రభువులతో సమానముగా నోటు గలిగిన నిరుపేద కులీనుడు ఆ సమాజమున అడుగడుగునను కనబడెడివాడు. పొరుగు రైతునకును అతనికిని బట్టలో, తిండిలో, ఇంటిలో భేదము స్వల్పము, భేదమంతయు పేరులోనే. అందుచేత ఆ పేరును కాపాడుకొనుటయందు అతనికెంత పట్టుదలయో, దానిని గ్రహించుటయందు రైతుబిడ్డకును, పట్టణపు చేతిపనివాని బిడ్డకును అంత ఆశ. ఊరు విడిచి దూరమండలమునకు పోయి, ఒక ప్రభువునొద్ద కొలువున చేరి, కత్తి కట్టి, తాను పుట్టిన పల్లెకు "స్కి" చేర్చి చెప్పుకొనినచో విచారించువారెవ్వరు?

విచారించినవాడు ఒకడు కలడు. వాలేర్యన్ నెకాందా త్రెప్కా అను క్రాకోవ్ ప్రాంతపు కులీనుడు 17వ శతాబ్ది పూర్వార్ధమున తన జీవితములో బహుకాలము ఈ వేషధారులను పట్టుకొనుటకే వినియోగించెను. న్యాయస్థానముల కవిలెకట్టలను తిరగవేసియు, సంతలలోను పానశాలలలోను వినికిడిని పోగుచేసియు, ఫలానావాడు తాను కులీనుడనుచున్నాడు గాని వాని తండ్రి రొట్టెలవాడు, వాని తాత ఫలానా పల్లెలో పాలేరు అని అక్షరక్రమముగా వ్రాసిపెట్టెను. సుమారు రెండువేల ఐదువందల కుటుంబములు ఆ గ్రంథమున దోషులుగా నిలిచినవి. దానికి లాటినులో "పామరవంశావళి" అను అర్థమిచ్చు నామముండగా, జనులు దానిని "హాము సంతతివారి పుస్తకము" అనిరి. నోవహు కుమారులలో శాపగ్రస్తుడైన హామునుండి రైతులు పుట్టిరనియు, తాము అతని సోదరుని సంతతివారమనియు కులీనులు చెప్పుకొను కట్టుకథ దీనికి మూలము. నేటికిని పోలిషు భాషలో "హామ్" అనిన మోటువాడను తిట్టు. అనామకులపై కక్షతో వ్రాసిన ఈ గ్రంథము చేతివ్రాతగానే మూడు శతాబ్దములు పడియుండి 1963లో గాని అచ్చు కాలేదు. త్రెప్కా మరణము 1640లో. అతడు తన గ్రంథము సామాజికచరిత్రకారులకు నిధియగునని కలలోనైనను ఊహించియుండడు. అతని ఆగ్రహములోనుండియే మనకు తెలియుచున్నదేమనగా, "స్కి" యను కంచెను దాటుట అప్పటికే నిత్యవ్యవహారమై పోయినది. ఎంతమంది దాటిరో వ్రాసిన కావలివాడు వారిని ఆపలేకపోయెను.

కాని నా యభిప్రాయములో కొవాల్‌స్కిలలో అధికసంఖ్యాకులు ఇట్టి వేషధారుల సంతతివారు కారు. వారి పేరును చేసినది ఆశ కాదు, చర్చి గుమాస్తా కలము. 1563లో ముగిసిన కథోలికుల ట్రెంటు మహాసభ ప్రతి చర్చి పరిధిలోను బాప్తిస్మములను, వివాహములను పుస్తకమున నమోదు చేయవలెనని శాసించెను; 1614లో రోమునుండి వెలువడిన కర్మకాండగ్రంథము మరణములను గూడ అందుచేర్చెను. అంతవఱకు రైతునకు స్థిరమైన ఇంటిపేరుతో అవసరమే లేకుండెను. కమ్మరి యాన్ కొడుకు "కమ్మరి పిల్లవాడు", అనగా కొవాల్చిక్. లేదా ముద్దుగా కొవాలిక్. అతడు కాపురము మార్చి వేఱొకరి కమతములో చేరిన, ఆ కమతపు పాతపేరే వానికి వచ్చిపడెడిది. ఇప్పుడు పూజారి లాటినులో వ్రాయవలెను. ఒకసారి వృత్తిని లాటిను చేసి "ఫాబెర్" అని వ్రాసెను. మఱొకసారి కోవల్ అని. రెండేండ్ల తరువాత ఆ మనిషికే పుట్టిన మఱొక బిడ్డ బాప్తిస్మములో కొవాల్చిక్ అని. పెద్దవాడై పెండ్లి చేసికొనునప్పటికి కొవాల్‌స్కి అని. పాతచర్చి పుస్తకములను శోధించు వంశచరిత్రకారులకు ఇట్టి మార్పులు సామాన్యానుభవము. 18వ శతాబ్దినాటికి "స్కి" తో ముగియుట ఇంటిపేరునకు సహజరూపమను భావము దేశమంతట నెలకొనియుండుటచేత, పూజారి తన చేతినుండి వెలువడిన పేరు నిండుగా నుండవలెనని ఆ రెండక్షరములను చేర్చెనే గాని, కమ్మరికి జమీ కట్టబెట్టవలెనని కాదు. కమ్మరి దీనిని గమనించెనా అనుటయు సందేహమే, ఏలననగా అతనికి చదువు రాదు.

1772, 1793, 1795 సంవత్సరములలో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా సామ్రాజ్యములు పోలండును మూడు విడతలుగా పంచుకొనినపిమ్మట ఇంటిపేరు రాజ్యవ్యవహారమయ్యెను. పన్ను వేయుటకును, సైన్యమునకు మనుష్యులను పట్టుటకును స్థిరమైన పేరు కావలెను. నెపోలియను నెలకొల్పిన వర్షావా సంస్థానమున 1808లో ఫ్రెంచి ధర్మశాస్త్రము అమలై పౌరనమోదును ప్రవేశపెట్టెను. ఇంటిపేరు తండ్రినుండి కొడుకునకు మాఱక సంక్రమించుట అప్పటినుండి నియమమయ్యెను. తండ్రిపేరుతోనే పిలుచుకొను ఆచారముగల యూదులు ఇంటిపేరు తాల్చవలెనని ఆస్ట్రియా 1787లోను, ప్రష్యా తన వంతు భూభాగమున 1797లోను, రష్యా ఏలుబడిలోని పోలండు రాజ్యము 1821లోను నిర్బంధించినవి. వారిలో కొందఱు కొవాల్‌స్కిలైరి. నాటి తూర్పు యూరపు యూదులలో ఇనుపపనివారు అరుదు కారు. రైతులకు వెట్టినుండి విడుదల ప్రష్యాలో 1807 మొదలుకొని క్రమక్రమముగాను, ఆస్ట్రియాలో 1848లోను, రష్యా వంతున 1864లోను లభించెను. అప్పటికి వారి చేతులలో భూమికంటె ముందుగా స్థిరపడినది వారి పేరే.

ఒకే కుటుంబపు పేరును మూడు సామ్రాజ్యములు మూడు తీరుల వ్రాసినవి. రష్యా వంతున 1868 మొదలు పౌరనమోదు రష్యను భాషలోనే జరుగవలెనను ఉత్తర్వుచేత కొవాల్‌స్కి సిరిలిక్ లిపిలోనికి మాఱెను. జర్మను రిజిస్టర్లలో లింగభేదమునకు తావు లేకపోయెను. పోలిషు స్త్రీ కొవాల్‌స్కా యగును గాని జర్మను గుమాస్తా ఆమెనుగూడ కొవాల్‌స్కియే అని వ్రాసెను. రూర్ బొగ్గుగనులలో పనికై 19వ శతాబ్ది చివరిభాగమున వలసపోయిన వేలకొలది పోలిషు కుటుంబముల స్త్రీలు నేటికిని జర్మనీలో అట్లే మిగిలియున్నారు.

1918లో దేశము స్వతంత్రమయ్యెను. 1921 మార్చి రాజ్యాంగము జన్మసిద్ధమైన హోదాలను, బిరుదములను, కులచిహ్నములను గుర్తింపబోమని ప్రకటించెను. త్రెప్కా కాపాడబూనిన కంచె ఆ దినమున చట్టప్రకారముగా నేలగూలినదని చెప్పవచ్చును గాని, కంచెకు ఇరువైపుల నుండువారు అప్పటికి రెండు శతాబ్దములుగా ఒకే పేరు ధరించియున్నందున ఆ చప్పుడు చాలమందికి వినబడియుండదు. వృత్తికిని పేరునకును సంబంధము తెగిపోవుటకు సుపరిచితమైన ఉదాహరణము ఆ కాలమున నున్నది. 1905లో గ్లొగొవ్యెత్స్ అను పల్లెలో పేదకుటుంబమున పుట్టి, సన్న్యాసినియై, 1938లో క్రాకోవ్‌లో చనిపోయిన హెలెనా కొవాల్‌స్కాను 2000 సంవత్సరమున పోపు రెండవ జాన్ పాల్ పునీత ఫౌస్తీనాగా ప్రకటించెను. ఆమె తండ్రి సేద్యము చేయుచు వడ్రంగము చేసినవాడు. ఇనుము కాదు, కొయ్య అతని జీవనాధారము.

వాడుకను గూర్చి కొన్ని మాటలు. ఈ పేరు వ్యాకరణరీత్యా విశేషణము గనుక విశేషణమువలెనే విభక్తులను, లింగవచనములను పొందును. పురుషుడు కొవాల్‌స్కి, స్త్రీ కొవాల్‌స్కా, దంపతులు లేక కుటుంబమంతయు కొవాల్‌స్త్సి. ప్రభుత్వ జనాభాపట్టికలు స్త్రీపురుషరూపములను వేఱుపేరులుగా లెక్కించుటచేత కొవాల్‌స్కిలు ఎప్పుడును సగముగా కనబడుదురు. నోవాక్‌లకు ఆ యిబ్బంది లేదు. నామవాచకములైన ఇంటిపేళ్ళకు పూర్వము వేఱొక మర్యాద యుండెడిది. నోవాక్ భార్య నోవాకోవా, పెండ్లికాని కుమార్తె నోవాకూవ్నా. పేరు వినినంతనే ఆమె వివాహిత యగునో కాదో తెలిసెడిది. ఇరువదవ శతాబ్దిలో ఉద్యోగములకు వచ్చిన స్త్రీలకు ఈ ప్రకటన అనవసరమని తోచి ఆ రూపములు క్రమముగా అంతరించుచున్నవి. కొవాల్‌స్కా మాత్రము తల్లికిని కుమార్తెకును మొదటినుండియు ఒక్కటే; ఆమె గృహస్థితిని ఆ పేరు ఏనాడును బయటపెట్టలేదు. ఇట్టి సూక్ష్మములనెల్ల భాషాశాస్త్రరీత్యా శోధించిన పండితులలో క్రాకోవ్‌కు చెందిన కజిమియెజ్ రీముత్ ముఖ్యుడు. 1992–94 సంవత్సరముల నడుమ అతడు పది సంపుటములుగా వెలువరించిన నిఘంటువు, పోలండులో వాడుకలోనున్న ఇంటిపేళ్ళను, ఒక్కొక్క మండలమున ఎందఱున్నారను లెక్కతో సహా, పొందుపఱచినది.

సంబోధనలో మాత్రము ఈ పేరును వెలికి తీయరాదు. "పాన్" అనగా అయ్యా. "అయ్యా కొవాల్‌స్కీ" అని యెదుట పిలుచుట పోలండులో మర్యాద కాదు, పైయధికారి క్రిందివానిని గద్దించునట్లు వినబడును. "అయ్యా యాన్" అని స్వనామముతోనో, ఆచార్యా, డైరెక్టరుగారూ అని పదవితోనో పిలువవలెను. ఇంటిపేరును ముందుంచి "కొవాల్‌స్కి యాన్" అని వ్రాయుట మనకు సహజముగా తోచును గాని, వారికి అది పోలీసుపట్టీలకును, బడిహాజరుకును తగిన పద్ధతి. లేఖలో అట్లు సంతకము చేసినవానిని చదువరులు గుమాస్తాగా ఎంచుదురు.

అట్లాంటిక్ దాటిన కొవాల్‌స్కిల గతి వేఱు. 1870 తరువాతి అర్ధశతాబ్దిలో షికాగో, డెట్రాయిట్, బఫలో నగరముల కర్మాగారములకు వెళ్ళిన పోలిషు శ్రామికులవలన ఈ పేరు అమెరికాలో పరిచితమై, అక్కడను కొందఱిచేత అర్థానువాదము పొంది స్మిత్ అయ్యెను. మిగిలినవారి పేరును టెన్నెసీ విలియమ్స్ 1947లో తన ప్రసిద్ధనాటకమునందలి స్టాన్లీ కొవాల్‌స్కికి ఇచ్చి, బలిష్ఠుడును మోటువాడును అగు శ్రామికునికి అది పర్యాయపదమన్నట్లు చేసెను. మార్లన్ బ్రాండో 1951 నాటి చలనచిత్రమున ఆ ముద్రను మఱింత లోతుగా నొక్కెను. స్వదేశమున మధ్యతరగతి గృహస్థునికి మాఱుపేరైనది విదేశమున చొక్కా విప్పి అరచువానికి మాఱుపేరగుట చూచి పోలండువారు నొచ్చుకొనినచో తప్పు పట్టలేము. దానికి ప్రతిగా కాబోలు, కనెక్టికట్ రాష్ట్రమున 1941లో పుట్టిన రాబర్ట్ కొవాల్‌స్కి తర్కశాస్త్రమును గణనయంత్రములకు భాషగా మలచిన వారిలో ప్రముఖుడై, ఆ పేరునకు పండితలోకమున చోటు సంపాదించెను.

రంగులద్దిన చిహ్నపటమునకు బంగారుచట్రము కట్టించి, ఇది మీ కొవాల్‌స్కి వంశపు హెర్బు అని అమ్ము వ్యాపారము ఇప్పుడు అమెరికాలోను పోలండులోను సాగుచున్నది. ఆ పటమును కొనువారు ఒక్క విషయము గుర్తుంచుకొనవలెను. పోలండులో కులచిహ్నము పేరును వెంబడించి రాదు, వంశమును వెంబడించి వచ్చును. ఆ వంశము కొవాలె గ్రామపు ప్రభువుదో, కోవల్ పట్టణపు వర్తకునిదో, ఏ అనామకపల్లెలోని కమ్మరిదో, 1821లో పేరు తాల్చిన యూదునిదో తేల్చునవి చర్చి పుస్తకములును, పౌరనమోదు కవిలెలును మాత్రమే. వాటిని ఒక్కొక్క తరముగా వెనుకకు చదువుకొనిపోయినవాడు కొలిమియొద్దకు చేరు అవకాశమే హెచ్చు, కోటయొద్దకు తక్కువ.